మెట్లలో కలిసిపోయాను

వీడియోలో కదిలే మనుషుల్ని గుర్తించే ప్రోగ్రాములు రాయడం నా పరిశోధన. ఈ సాయంత్రం కూడా రాజమండ్రిలో గోదావరి రేవు వైపు కెమెరా పెట్టి, ఆ రేవు మెట్ల మీదే లాప్‌టాప్‌తో కూర్చున్నాను. తెర మీద వచ్చేపోయే ప్రతి మనిషి చుట్టూ ఆకుపచ్చ గీత పడింది. కుక్కకూ పడింది. నా చుట్టూ ఉన్నది మాత్రం మెల్లగా మాయమైంది. చాలాసేపు కదలకుండా ఉన్నదాన్ని మెట్లలో భాగమనుకుని కలిపేయమని ప్రోగ్రాములో రాసింది నేనే.

పక్కన వేరుశనక్కాయలు అమ్మే ఆవిడని అడిగాను. “నేను మీకు కనబడుతున్నానా అండీ?”

“రోజూ కనబడతారు కదండీ. ఎవరి కోసమో చూస్తున్నారేమో అని పలకరించలేదండి.”

పొట్లం కోసం చెయ్యి చాచగానే గీత తిరిగొచ్చింది. అది పోకుండా ఇంకో పొట్లం కూడా కొన్నాను.

ఆ రెండో పొట్లం ఇంకా విప్పకుండా అలాగే ఉంది. పంచుకోవడానికి రాజమండ్రిలో ఎవరైనా ఉన్నారా?