కందెక్స్ గోల్డ్ 2000

దేశ రాజధానిలోని సేవా నగర్ క్వార్టర్లలో పద్దెనిమిదేళ్లుగా కందిపొడి కొడుతున్నది మాణిక్యాంబ. పేరు మాత్రం వాళ్లాయనది. తెలుగువాళ్లెవరు తలుపు తట్టినా "భీమశంకరం గారి కందిపొడి ఉందా అండీ?" అనే అడిగేవారు. ఆయన మంత్రిత్వ శాఖలో అప్పర్ డివిజన్ క్లర్కు. ఆ పొడికి ఆయన చేసిన సేవల్లా, మిరపకాయలు వేగుతున్నప్పుడు తుమ్మడం.

తొంభై ఆరులో కరోల్ బాగ్ కిరాణా కొట్టు లాలాజీ ఆమె తెచ్చి చూపిన పొడి చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు తుడుచుకుని, ఇంకో చెంచా అడిగాడు.

"ఇరవై సీసాలు పంపండి బహన్‌జీ. నెల చూస్తాను. కదలకపోతే మళ్లీ మాట వద్దు. సీసా మీద మంచి పేరొకటి ఉండాలి."

బస్సులో వస్తూ మాణిక్యాంబ మనసులోనే సీసా మీద తన పేరు అతికించి చూసుకుంది. బాగానే ఉందనిపించింది. ఇంటికొచ్చి సంగతి చెప్పగానే భీమశంకరం ఫైలు తెరిచాడు. పేరు పెట్టడానికి ఆయనకి తెలిసిన పద్ధతి అదొక్కటే. నోట్ రాశాడు, సెక్షనంతా తిప్పాడు. చివరికి సెక్షన్ ఆఫీసరు కేశవరావు పొట్టి సంతకంతో పేరు ఖరారైంది: కందెక్స్ గోల్డ్ 2000.

"చివర ఎక్స్ ఉంటే వస్తువుకి బలం. గోల్డంటే నాణ్యం. రెండువేలంటే వచ్చే శతాబ్దం," చదివి వినిపించాడాయన.

"నా పేరు పెడితేనో?"

"ఇంట్లో చేసిందనుకుంటారే."

"ఇంట్లోనే కదండీ చేసింది?"

"ఆ సంగతి బయటికి తెలియకూడదు."

కూతురు వీణ పుస్తకంలోంచి తలెత్తకుండా, "మమ్మీ, ఆజ్‌కల్ యహీ చల్తా హై," అంది. ఈ రోజుల్లో ఇలాంటివే నడుస్తాయట. మాణిక్యాంబ బంగారు రంగు లేబుళ్లకి జిగురు రాసింది.

మూడు వారాలకి కొట్టుకెళ్లి చూస్తే పంతొమ్మిది సీసాలు అలాగే ఉన్నాయి. లాలాజీ వాటిని కింది అరలో, పేల మందుకీ పళ్లపొడికీ మధ్య సర్దాడు. ఒక సీసా కొన్నాయన మర్నాడే తిరిగొచ్చి, పరగడుపున వేసుకోవాలా, భోజనం తర్వాతా అని అడిగాడట.

అప్పుడే ఒకావిడ వంగి సీసా అందుకుంది. "నడుం నొప్పికా ఇది?"

"కాదు దీదీ, అన్నంలోకి," అంది మాణిక్యాంబ.

"మందు అన్నంలో కలపాలా?"

మాణిక్యాంబ మూత తీసి సీసా ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది. వెల్లుల్లి, జీలకర్ర, దోరగా వేగిన కందిపప్పు. ఆవిడ మొహం విప్పారింది.

"ఎవరు చేశారు?"

"నేనే."

"మరి ఆ ముక్క రాయొచ్చుగా," అంటూ ఆవిడ మూత తెరిచిన సీసానే సంచీలో వేసుకుంది.

లాలాజీ గడ్డం గోక్కున్నాడు. "సబ్బుకీ ఫ్యానుకీ విలాయతీ పేరు నప్పుతుంది బహన్‌జీ. తిండి దగ్గరికొచ్చేసరికి వెనకాల ఓ మనిషి కనబడాలి. 'మద్రాసీ ఆంటీ' అని రాద్దాం."

"మాది కాకినాడ."

"అదే, మద్రాస్."

మాణిక్యాంబ గ్లాసుడు నీళ్లు, స్కెచ్ పెన్ను, తెల్ల కాగితాలు అడిగి పుచ్చుకుంది. బియ్యం బస్తా మీద కూర్చుని పద్దెనిమిది బంగారు లేబుళ్లూ తడిపి ఒలిచేసి, పద్దెనిమిదిసార్లు హిందీలో తన పేరు రాసింది. మొదట్లో అక్షరాలు వంకర పోయాయి. ఏడో సీసా నుంచి కుదురుకున్నాయి. లాలాజీ వాటిని తీసుకెళ్లి పై అరలో, అప్పడాల పక్కన పెట్టాడు.

ఇంట్లో భీమశంకరం నీరసపడ్డాడు. "ఆమోదం లేకుండా మార్చేశావా? కేశవరావు గారి సంతకం ఉందే."

"కందెక్స్‌కే కదా ఉంది. ఆ ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి."

నెలాఖరుకి అరలో రెండు సీసాలు మిగిలాయి. లాలాజీ ఇంకో ముప్ఫై పంపమన్నాడు.

ఆ ఆదివారం మూకుడులో మిరపకాయలు వేగుతుండగా ఎవరో తలుపు తట్టారు. భీమశంకరమే తీశాడు. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని పరీక్షలకి చదువుకుంటున్న ధర్మయ్య.

"నమస్కారమండీ. మాణిక్యాంబ గారి కందిపొడి దొరికేది ఇక్కడేనా?"

భీమశంకరం ఏదో అనబోయి, గట్టిగా తుమ్మాడు.

"ఇక్కడే బాబూ. కూర్చో, ఆవిణ్ని పిలుస్తాను."