తలుచుకోవడమే ధ్యానమన్న సారు

పోయిన వారం పొద్దున్నే బోధన్ నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "మన తెలుగు సార్ పోయిండే. పొద్దుగాల చాయ తాగిండట. కుర్చీల గట్లనే ఒరిగిండట" అంది. నేను నిజామాబాద్ బస్టాండుకు చేరేసరికి బోధన్ బస్సు కదలబోతోంది. ఎక్కి కూర్చున్నాను. ఎనభై దాటిన మనిషి, ఏ బాధా పడకుండా వెళ్లిపోయారని పక్కసీటామెకు చెప్పాను. అలా పైకి చెప్పాకే నాకు ఏడుపొచ్చింది.

ఆయన మాకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పారు. ఒకరోజు పాఠం మధ్యలో నేను కిటికీలోంచి బయటికి చూస్తూ దొరికిపోయాను. "పరధ్యానంల ఉన్నవా బిడ్డా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేను తల వంచుకున్నాను.

"పరధ్యానంల గూడ ధ్యానం ఉంటది. యాడ వెట్టినవో చెప్పు" అన్నారు.

బయట గొర్రెల మంద పోతోందనీ, కాపరి గొంగడిలో అప్పుడే పుట్టిన పిల్ల ఉందనీ, తల్లిగొర్రె అతని కాళ్లకు అడ్డం పడుతూ నడుస్తోందనీ చెప్పాను. సారు కిటికీ దగ్గరికి వచ్చి తానూ చూశారు. మంద మలుపు తిరిగేదాకా పాఠం ఆగింది. "మంచిగ జూసినవ్. ఇగ గదే ధ్యాస ఈడ వెట్టు" అని మళ్లీ పుస్తకం అందుకున్నారు.

ధ్యానం అన్న మాట మీద ఆయనకు ప్రత్యేకమైన ఇష్టం ఉండేది. అందులో కొంత ఆయన భార్య వల్ల వచ్చిందేమో. ఆమెది ధర్మాబాద్ వైపు, పుట్టింట్లో మరాఠీ. సారు సంచీ పట్టుకుని మార్కెట్‌కు బయల్దేరితే, "కొత్తిమీర ధ్యానాత్ ఠేవా" అని లోపలి నుంచి కేకేసేది. గుర్తుంచుకోండి అని. సారు మాకు అది చెప్పి నవ్వేవారు. "మునులు అడవిల జేస్తే ధ్యానం. మా ఇంట్ల కొత్తిమీర మర్వకుంటె ధ్యానం. రెండిట్ల పని ఒక్కటే. అనుకున్నదాన్ని ఇడ్సిపెట్టకుండ తలుసుకునుడు."

అప్పుడు అది వ్యాకరణంలాగే విన్నాను. దాని అవసరం నాకు చాలా ఏళ్ల తరవాత పడింది.

నా భర్త గుండెపోటుతో ఉన్నట్టుండి పోయాడు. ఆ తరవాత నేను ఏ పనీ చివరిదాకా చేయలేకపోయేదాన్ని. పాలు పొంగిపోయేవి, నల్లా నీళ్లు వాకిట్లోకి పారేవి. మా అక్క నన్ను నిజామాబాద్‌లోనే ఒక ధ్యాన తరగతికి తీసుకెళ్లింది. అక్కడి ఆయన మెత్తగా, ఓపికగా చెప్పేవారు. కళ్లు మూసుకోండి, మనసును ఖాళీ చేయండి అనేవారు. నేను కళ్లు మూసుకోగానే ఆసుపత్రి వరండా, తెల్లదుప్పటి కప్పిన మంచం కనిపించేవి. చుట్టూ అందరూ ప్రశాంతంగా ఉన్నట్టుండేది. నాకు ఇది కూడా చేతకాదు అనుకుని ఒకరోజు మధ్యలోనే లేచి వచ్చేశాను.

అటు నుంచి అటే బోధన్ వెళ్లాను. సారు ఇంటి అరుగు మీద కూర్చుని, నాకు ధ్యానం రావట్లేదని చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒప్పజెప్పినట్టే చెప్పి ఉంటాను.

"ఖాళీ జెయ్యమంటె కొందరికి అయితది. నీకు అయితలేదు. గంతే" అన్నారు సారు. "ఆ మాటకు అసలు అర్థం తలుసుకునుడే. ఆయన్నే తలుసుకో."

"తలుసుకుంటే దవఖానే వస్తుంది సార్."

"గది దాన్తట అదే వస్తది. నువ్వు పిలిసింది రానియ్యి. ఒక్కటి దీస్కో. సిన్నదే."

చాలాసేపు ఆలోచించాను. వాన వెలిశాక బండి సీటు తుడిచి గానీ నన్ను ఎక్కనిచ్చేవాడు కాదని చెప్పాను.

"దేంతోని తుడిసెటోడు?"

"రుమాలుతోని సార్."

"ఏ రంగు?"

తెల్లది, అంచుకు నీలిగీత. తుడిచాక పిండి, విదిలించి, హ్యాండిల్‌కు కట్టేవాడు. బండి నడుస్తుంటే అది గాలికి టపటపలాడేది. ఆ చప్పుడు నాకు నిజంగా వినిపించింది. ఎన్నాళ్ల తరవాతో అతను బతికి ఉన్నప్పటి మనిషిలా నా ముందుకు వచ్చాడు. వెక్కి వెక్కి ఏడ్చాను. సారు ఆపలేదు. వాళ్లింటి ఆవిడ చాయ తెచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఇది మందు గాదు బిడ్డా" అన్నారు చివరికి. "ఏడుపొస్తది, రానియ్యి. రేపు ఇంకొకటి తలుసుకో."

అలాగే చేశాను. ఆసుపత్రి వరండా పూర్తిగా పోలేదు. కానీ దాని చుట్టూ మిగిలిన బతుకంతా మెల్లగా తిరిగొచ్చి చేరింది. పాలు పొంగకముందే పొయ్యి ఆర్పడం మళ్లీ అలవాటైంది. ఆ సంగతి సారుకు చెబితే, "గదీ ధ్యానమే" అని నవ్వారు.

ఆ రోజు బోధన్‌లో అన్నీ అయిపోయి తిరుగు బస్సెక్కేసరికి సాయంత్రమైంది. ఊరు దాటగానే మా బస్సు ముందు ఒక చెరుకు ట్రాక్టరు. గడలు ఎంత పొడుగ్గా వేలాడుతున్నాయంటే, వాటి కొసల ఆకులు రోడ్డు పక్క మట్టిని ఊడుస్తూ సన్నటి గీతలు గీస్తున్నాయి. డ్రైవర్ హారన్ కొట్టలేదు. బస్సులో ఎవరూ తొందరపడలేదు. సారు ధ్యాస పెట్టమన్నట్టే నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. మసక చీకట్లో ఆ ఆకులు ఊగుతూ, గీస్తూ, చాలా దూరం మాకు ముందుగా నడిచాయి.