నాటు చేపా, ఫారం చేపా

ఈ సాయంత్రం రాజమండ్రిలో రంగుచేపల షాపుకి మా అత్తగారిని వెంట తీసుకెళ్లాను. ఆవిడది ఉప్పాడ. ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతున్న మనిషి.

షాపాయన ఒక తొట్టి చూపించి, "ఇవి గోదాట్లో పట్టినవండి, పెంచినవి కాదు. అందుకే రేటు కొంచెం ఎక్కువ" అన్నాడు. నేను అప్పుడే పర్సు తీసేశాను.

అత్తగారు తొట్టి మీద చెయ్యి ఆడించారు. చేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేశాయి.

"ఏటి చేప మనిషి నీడ పడితేనే పారిపోద్ది బాబూ. ఇవి మేతేస్తారని వచ్చేశాయి. ఫారం కోళ్లకి మల్లే ఇవీ ఫారమే" అన్నారు.

షాపాయన తల గోక్కుని, "పెంచినవైతేనే ఇంట్లో బాగా బతుకుతాయండి" అని మాట మార్చాడు. ఫారం రేటుకే నాలుగు తెచ్చుకున్నాం.

ఇంటికొచ్చి ఫోన్ చూసుకుంటూ పడుకున్నాను. వంటింట్లో కంచం చప్పుడైంది. వెంటనే లేచి వెళ్లి కూర్చున్నాను. అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, మా ఆవిడతో మెల్లగా అన్నారు.

"మీ ఆయన కూడా ఫారమేనే."

కంచం చప్పుడుకి కదలని నాటు మగాళ్లు మీ ఇళ్లలో ఉంటే కామెంట్లో చెప్పండి. అత్తగారు వచ్చి చెయ్యి ఆడించి చూస్తారట.