పొగ సముద్రం వైపు తిరిగిన సాయంత్రం

నా చిన్నప్పుడు మేం ఇప్పటిలా పట్నంలో, డిగ్నాబాద్‌లో ఉండేవాళ్ళం కాదు. హాడో రేవు నుంచి పడవలో చాలాసేపు వెళితే ఒక చిన్న తీరం, అక్కడ నాలుగు ఇళ్ళు. ముందు సముద్రం, వెనుక కొండ. నాన్న చేపల వేటకు వెళితే నన్ను చూసుకునేది మా మేనత్త.

మా ఇంటికీ కొండకూ మధ్య ఒక మంచినీటి ఊట ఉండేది. ఆ ఏడు ఒడ్డు పొదల్లో ఒక చుక్కల దుప్పి ఈనింది. పొద్దు వాలాక పిల్లను వెంటబెట్టుకుని ఊటకు వచ్చేది. మా వాసన దానికి అలవాటే. మా ఇంట్లో దుప్పి మాంసం ఎన్నడూ ఉడకలేదని చెప్పను. కానీ పిల్లతల్లి జోలికి అత్త ఎవరినీ పోనిచ్చేది కాదు.

ఒకరోజు డింగీ అనే చిన్న పడవలో ఇద్దరు మనుషులు వచ్చి దిగారు. ఒకడి భుజాన గోనెపట్టాలో చుట్టిన పొడవాటిదేదో ఉంది. రెండోవాడు నా చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి, "బేటీ, ఇక్కడ హిరన్ తిరుగుద్దా?" అని దుప్పి గురించి తియ్యగా అడిగాడు. నాకు తెలిసిందంతా గొప్పగా చెప్పేశాను. ఏ పొదలో ఉంటుందో, ఎప్పుడు వస్తుందో కూడా.

ఎండుచేపలు తిరగేస్తున్న అత్త తలెత్తింది. గోనెపట్టా వైపు చూసింది. తర్వాత మా పొయ్యి పొగ వైపు చూసింది. పొగ కొండ వైపుకి వాలి ఉంది. అత్త ముఖంలో రంగు పోయింది. అయినా నవ్వుతూనే లేచి, "ఎండన పడొచ్చారు గదా భయ్యా, కూకోండి. చాయ్ తాగి ఎల్దురు" అంది.

ఆ చాయ్ ఎంతకీ మరగలేదు. పొయ్యిలో తడి కట్టెలు పెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

చివరికి వాళ్ళు లేచి వెళ్ళి, ఊటకు పైన కొండ అంచున మొగలి పొదల వెనుక కూర్చున్నారు. గాలి సంగతి తెలిసిన వేటగాళ్ళే. సముద్రపు గాలి వాళ్ళ వాసనను కొండ మీదికే తీసుకుపోతుంది, దుప్పికి అందదు. గోనెపట్టాలోంచి తుపాకీ బయటికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు.

"నేనే చెప్పేశానత్తా. గట్టిగా కేకేస్తాను."

అత్త నా మణికట్టు పట్టుకుంది. "వద్దమ్మా. బెదిరి ఆళ్ళ మీదకే పరిగెడితే? దుప్పికి ముక్కే కాపలా. పొద్దు గూకినాక గాలి కొండ మీంచి కిందకి దిగుతాది. అప్పుడాళ్ళ వాసన దానికి తగుల్తాది."

"గాలి తిరక్కపోతే?"

అత్త పొయ్యి పొగ వైపు చూసింది.

దుప్పి పొదల్లోంచి బయటికి వచ్చింది. వెనుకే పిల్ల. పొగ ఇంకా కొండ వైపే ఉంది. తల్లి రెండడుగులు వేసి ఆగింది, మళ్ళీ నడిచింది. మొగలాకుల మధ్య గొట్టం కదలడం నేను చూశాను. అప్పుడు పొగ నిటారుగా నిలబడింది. ఆకు కూడా కదలడం లేదు. అత్త వేళ్ళు నా చేతిలోకి దిగబడుతున్నాయి.

పొగ మెల్లగా సముద్రం వైపు ఒరిగింది.

దుప్పి ముక్కు పైకెత్తింది. ముంగాలితో నేలను ఒక్క తాపు తన్ని, ఈల లాంటి కేక పెట్టింది. తోక తెల్లగా లేచింది. తుపాకీ పేలేసరికి తల్లీ పిల్లా ఒడ్డు వెంబడి చెట్లలో కలిసిపోయాయి.

తుపాకీ ఉన్నవాడు నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూశాడు, పొయ్యిని చూశాడు. "నీ చాయ్ మమ్మల్ని బాగా లేటు చేసింది, దీదీ" అన్నాడు. నేను అత్త చీర వెనక్కి నక్కాను.

"ఇంకో గ్లాసు పెట్టమంటావా భయ్యా?" అంది అత్త. అతను ఉమ్మేసి, పడవ వైపు వెళ్ళిపోయాడు. డింగీ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయాక అత్త గోడకు ఆనుకుని కూలబడింది.

ఆ పూట అన్నం కలిపి పెడుతూ కూడా, ఎందుకు చెప్పావని ఆమె నన్ను అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా మనవలు ఏదో పాడుచేసి ముఖం వేలాడేసుకుని వస్తే, ఎందుకు చేశావన్న మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, పక్కన కూర్చోబెట్టుకుని, సరిచేసుకోవడానికి ఇంకా ఎంత టైముందో అడుగుతాను.