నా పెళ్ళికి దాచిన జీడికట్టెలు

మొన్న టెక్కలిలో జీడి రైతుల సమావేశానికి వెళ్ళాను. తోట లేనివాడివి నీకెందుకని మా ఆవిడ అననే అంది. మనవడి వయసు అధికారి ఒకతను కాండం తొలిచే పురుగు బొమ్మ చూపించి, చచ్చిన చెట్టును వెంటనే కాల్చెయ్యాలి, కట్టెలు తోటలో ఉంచకూడదు అని చెబుతుంటే నాకక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఈ ముక్క మా నాన్న నా పెళ్ళికి ముందే చెప్పాడు.

ఉద్దానంలో మాకు రెండెకరాల జీడితోట ఉండేది. నాన్న పొద్దున్నే ప్రతి చెట్టు మొదలూ వంగి చూసేవాడు. జిగురుతో కలిసిన కర్రపొట్టు కనబడితే చాలు, అక్కడే చతికిలబడి, ఉలితో బెరడు ఒలిచి, వేలెడు తెల్లటి పురుగును ఇనప చువ్వతో లాగి చంపి, ఆ గాయానికి తారూ కిరసనాయిలూ కలిపి పూసేవాడు. నాకూ నేర్పాలని చూశాడుగాని, పదో తరగతి చదివానన్న పొగరు నాది, పురుగులు ఏరే పని నాకేం ఖర్మ అనుకునేవాణ్ణి.

నా పెళ్ళి కుదిరిన ఏడు, కార్తీకంలో, ఇక బతకవనుకున్న నాలుగు చెట్లు కొట్టించాడు. "దుంగలన్నీ ఇక్కడే తగలెట్టీరా, లోపల పురుగు బతికే ఉంటాది" అని నాకు అప్పజెప్పి, కీళ్ళ నొప్పులతో మంచమెక్కాడు. మన రోజుల్లో పెళ్ళంటే వంటకట్టెలు నెలల ముందే పేర్చుకోవాలి, పచ్చికర్రయితే వియ్యాలవారి ముందు పొగా కన్నీళ్ళూను, మీకు తెలియనిదేముంది. చేతికొచ్చిన కర్రను బూడిద చేయడానికి మనసొప్పక, తోట మధ్యనే చక్కగా పేర్పించాను. నాన్న అడిగితే "కాల్చీసేను నాన్నా" అన్నాను.

వైశాఖంలో పొయ్యిల దగ్గరికి మోయిస్తుంటే, దుంగల నిండా చిటికెన వేలు దూరే బెజ్జాలు. లోపలి పురుగులు పెంకుపురుగులై ఎగిరిపోయి, పక్క చెట్ల మొదళ్ళలో గుడ్లు పెట్టేశాయని నాకు తట్టనే లేదు. ఎండుకర్ర భలే మండుతోందని వంటవాళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయాను, సిగ్గులేని వెధవను! నాన్న చేతికర్ర ఊతంతో వచ్చి, ఒక దుంగ ఎత్తి చూసి, మళ్ళీ కింద పెట్టేశాడు.

ఆ తరవాత మూడేళ్ళలో చెట్లు ఒకదాని వెనక ఒకటి పసుపుబారి, ఆకు రాల్చి, ఎండిపోయాయి. అప్పుడు ఉలి పట్టాను, ఏం లాభం, ఒక చెట్టు గీకుతుంటే నాలుగు పోయేవి. ఆఖరి చెట్టు కొట్టిన రోజున నాన్న గట్టు మీద కూర్చుని, కోపమైనా లేకుండా అన్నాడు: "నీ పెళ్ళికి నా తోటంతా వొండీసేవురా."

ఇప్పుడు పెళ్ళిళ్ళకి వంటవాళ్ళే గ్యాసు బండలు తెచ్చుకుంటున్నారు, కట్టె దాచేవాడే లేడు, పురుగుపట్టిన చెట్టును కాల్చమంటే కుర్రాళ్ళు నిక్షేపంగా కాల్చేస్తున్నారు. మన కాలంలో గ్యాసు ఉంటేనా అని ఒక్కోసారి నాకు నేనే సర్దిచెప్పుకుంటాను, అబద్ధం కాకపోతే! నాన్న పోయేదాకా ఆ ఇంట్లోనే, ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. తప్పు నాదే నాన్నా అన్న మాట మాత్రం ఒక్కనాడూ నోట రాలేదు.