నీళ్లు అడిగిన తీరు

తొమ్మిదికే ఎండ ముదిరింది. రోడ్డుకు రెండు వైపులా చేలల్లో వేరుశనగ పీకుతున్నారు. పల్లె జనం సభలో ఎలా మాట్లాడుకుంటారో వినాలని చాన్నాళ్లుగా ఉండేది. రొద్దం అవతల ఒక పల్లెలో గ్రామసభ అని తెలిసి బయలుదేరాను. హిందూపురంలో ఏడున్నరకు బస్సెక్కితే పెనుకొండకు గంట పైన పట్టింది. అక్కడి నుంచి షేర్ ఆటోలో రొద్దానికి నలభై రూపాయలు. ఆపైన పల్లెకు బాబయ్య అనే అతని ఆటో మాట్లాడుకున్నాను, నూట యాభై.

"పెనుకొండ కోట సూడనీకి వస్తారు. మీటింగు సూడనీకి వచ్చినోన్ని నిన్నే సూస్తాండానప్పా" అన్నాడు బాబయ్య. "ఈపొద్దు ఈరమ్మ లేస్తాది సూడు. వాళ్ల వీధి బోరు ఎండిపాయ. పైపు ఏపియ్యాల్సిన ఇంజనీరు ఎప్పుడో గాని దొరకడు."

సభ బడి వరండాలో. ముందు కుర్చీల్లో పెద్దలు, వాళ్ల పక్కన సర్పంచ్, ఇంజనీరు, కింద పట్టల మీద మిగతావాళ్లు. ఏదైనా అడిగేవాళ్లు మొదట కుర్చీల వైపు చేతులు జోడించి "పెద్దలు మన్నించల్ల" అనడం అక్కడి మర్యాద. ఈరమ్మ లేచి నేరుగా ఇంజనీరునే అడిగింది. "పోయిన మీటింగులో పైపు ఏస్తామంటిరి సార్. ఎందుకేయలేదో సెప్పండి."

ముందు కుర్చీలోని నారాయణప్ప తల తిప్పాడు. "ఏమ్మా, మేము కనపల్లేదా?"

"నీళ్లు అడుగుతాండా, అంతే."

"అడిగేది ఇట్లనేనా?"

అక్కడితో పైపు మాట పోయింది. అరగంట సేపు ఆమె తీరు మీదే మాటలు. "తప్పయిందని అనెయ్యమ్మా, అయిపోతాది" అన్నాడు సర్పంచ్, మెత్తగా. పక్కనామె ఈరమ్మ కొంగు పట్టి లాగింది.

"తప్పయింది. పైపు సంగతి సెప్పండి."

"ఇదీ ఒక తప్పయిందేనా?" అన్నాడు నారాయణప్ప. కొందరు నవ్వారు. ఈరమ్మ చేతులు జోడించి మళ్లీ చెప్పింది. అప్పటికి ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "మీ సమస్య మా దృష్టిలో ఉందమ్మా. పెనుకొండలో ఇంకో మీటింగుంది, ఏమనుకోవద్దు" అన్నాడు.

ఆ రోజు ఎవరూ గొంతు పెంచలేదు. ఒక్క చెడ్డ మాట వినపడలేదు. అందరికంటే మర్యాదగా మాట్లాడింది ఇంజనీరే. వినాలనుకున్నది విన్నాను. మళ్లీ వినాలని లేదు.

మీరు వెళితే నీళ్ల బాటిల్ రొద్దంలోనే కొనుక్కోండి. ఈరమ్మ వాళ్ల వీధిలో అడగొద్దు. అడిగితే లేదనరు.

ఇంజనీరు జీపు ఒంటి గంటకు పోయింది. కాసేపటికి పెద్దలు పోయారు. మూడు గంటలకు, చేల మోటార్లకు కరెంటు వచ్చే వేళకు, ఈరమ్మ రెండు బిందెలు తీసుకుని అటు పోయింది.