ట్రయల్ మామయ్య

మామయ్య ట్రయల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యడు.

వృత్తి దర్జీ పని కాబట్టి, బట్టల విషయంలో అలా ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఏ దర్జీ అయినా ముందు కచ్చా కుట్టు వేస్తాడు, మనిషికి తొడిగి చూస్తాడు, బిగుతైన చోట వదులు చేస్తాడు, ఆ తర్వాతే పక్కా కుట్టు. మామయ్య మాత్రం బతుకంతా ఇదే పద్ధతిలో నడుపుతాడు. పన్ను పీకించుకోవాలంటే ముందు రోజే వెళ్ళి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చుంటాడు, నోరు తెరుస్తాడు, డాక్టరు పట్టకారు అందుకునేసరికి "ఆగండి సార్, ఇవాళ కచ్చా కుట్టే" అని లేచి వచ్చేస్తాడు. ఊరెళ్ళాలంటే ముందు రోజు పెట్టె పట్టుకుని స్టేషనుకి పోయి, బెంచీ మీద కూర్చుని, తనది కాని రైలుకి చెయ్యి ఊపి వస్తాడు. ఒకసారి అలా ఊపితే కిటికీలోంచి ముక్కూ మొహం తెలియని ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ తిరిగి ఊపింది. ఆవిడ క్షేమంగా చేరిందో లేదోనని మామయ్య చాలా రోజులు బెంగపెట్టుకున్నాడు. పెళ్ళికి ట్రయల్ ఎలా వెయ్యాలో ఎంత ఆలోచించినా తోచక, పెళ్ళే మానుకున్నాడు.

ట్రయల్ మామయ్య అన్న పేరు మేనకోడలు పెట్టింది. ఆయన మాత్రం ఊరుకుంటాడా, దానికి గుండుసూది అని పేరు పెట్టాడు. సన్నగా ఉంటుంది, చురుగ్గా ఉంటుంది, కింద పడితే ఎక్కడుందో దొరకదు.

నిరుడు గుండుసూది నిజంగానే కింద పడింది. డాక్టరు చదువుకి ప్రవేశపరీక్ష రాసింది. చదవక కాదు, పుస్తకం ఏ పేజీ తెరిచినా ఒప్పజెప్పగలదు. హాల్లో కూర్చోగానే చేతులు వణికాయి. రాని ప్రశ్న ఒకటి వదిలి తర్వాతిది చేస్తూ, జవాబుల కాగితం మీద మాత్రం వదిలేసిన ప్రశ్న వరసలోనే గడి దిద్దింది. అక్కడి నుంచి తెలిసిన జవాబులన్నీ పక్కింటి అడ్రసుకి చేరాయి.

పరీక్ష పోవడాన్ని గుండుసూది ఎలాగో దిగమింగుకుంది. వీధిని దిగమింగలేకపోయింది. ఎదురింటి పిన్ని నాలుగిళ్ళకి వినపడేలా అడిగింది, "ఎన్ని మార్కుల్లో పోయిందే?" పిన్నికి పాపం దురుద్దేశం లేదు. ఆవిడ గొంతుకి మెల్లగా అనే సదుపాయం లేదు, అంతే. ఆ తర్వాత అడగనివాడు పాపి అన్నట్టు వీధంతా అడిగింది. నెట్ సెంటర్ ఆయనైతే "మళ్ళీ ఒకసారి సైటులో చూడమంటావా పాపా, పొరపాటేమో" అని, చూసి, పొరపాటు కాదని ఖాయం చేసి పంపాడు. ఆ రోజు నుంచి గుండుసూది వీధి గుమ్మం దిగడం మానేసింది. ఎక్కడికెళ్ళినా పెరటి సందులోంచే.

"మళ్ళీ రాస్తాను గానీ ఇదే ఆఖరుసారి. ఈసారి కూడా పోతే పుస్తకాలన్నీ అటకెక్కించేస్తా. అందరికీ సమాధానం చెప్పే ఓపిక నాకు లేదమ్మా" అంది తల్లితో.

తల్లి ఆ మాట మోసుకెళ్ళి వీధి చివర తమ్ముడి కొట్లో దింపింది. మామయ్య నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో కోటుకి అంచు మడుస్తున్నాడు. నోట్లో సూదులుండగా విన్న మాట ఆయన ఎప్పుడూ మరచిపోడు. మధ్యలో అడ్డం తగలడం కుదరదు కాబట్టి పూర్తిగా వింటాడు.

"మ్మ్" అన్నాడు.

మర్నాడే మేనకోడల్ని పెరటి సందులోంచి నెట్ సెంటర్‌కి లాక్కెళ్ళాడు, దరఖాస్తు పెట్టించడానికి.

"ముందు ట్రయల్ వెయ్యి" అన్నాడు సెంటర్ ఆయనతో.

"ట్రయల్ ఏముంటుంది మాస్టారూ. వివరాలు ఎక్కించడం, సబ్మిట్ నొక్కడం, అంతే."

"నొక్కాక తప్పుందని తెలిస్తే?"

"దిద్దుకోడానికి తర్వాత కొన్నాళ్ళు టైమిస్తారులెండి."

మామయ్య మొహం వెలిగిపోయింది. "అలా చెప్పు. అంటే ఇది కచ్చా కుట్టేగా. ఈ పరీక్ష పెట్టేవాళ్ళలో ఎవడో కుట్టుపని తెలిసినవాడున్నాడే, గుండుసూదీ."

ఫొటోకి వెనక తెల్లగా ఉండాలి, రెండు చెవులూ కనబడాలి అని నిబంధన. మామయ్య కొట్లో తెల్ల లైనింగ్ గుడ్డ వేలాడదీసి, దాని ముందు పిల్లని నిలబెట్టి, జుట్టు వెనక్కి లాగి, ఈ చెవి నుంచి ఆ చెవికి టేపు పెట్టి కొలిచాడు. ఎందుకు కొలిచాడో ఆయనకే తెలియాలి. "కొలత బాగుంది" అన్నాడు.

చివర్న ఓటీపీ మామయ్య ఫోనుకి వచ్చింది.

"చెప్పండి మాస్టారూ" అన్నాడు సెంటర్ ఆయన కీబోర్డు మీద వేళ్ళు పెట్టి.

మామయ్య కళ్ళజోడు సవరించుకుని మెసేజీ చదివాడు. ఫోను ఛాతీకి హత్తుకున్నాడు. "కుదరదు."

"ఏం కుదరదు?"

"ఎవరికీ చెప్పొద్దని రాసుంది."

"నాకు చెప్పాలండీ, కొట్టేది నేనేగా."

"ఎవరికీ అంటే నువ్వు రావా అందులో?"

ఈ వాదన తేలేలోపు ఓటీపీ గడువు తీరిపోయింది. మళ్ళీ తెప్పించారు. మళ్ళీ తీరిపోయింది. చివరికి గుండుసూది ఫోను లాక్కుని తనే కొట్టింది. ఇన్ని నెలల తర్వాత ఆ పిల్ల నవ్వడం సెంటర్ ఆయన అప్పుడే చూశాడు.

ఇక కొట్లో పరీక్షహాలు వెలిసింది. కుర్చీ ఒకటి గుండుసూదికి. అటూ ఇటూ హ్యాంగర్లకి వేలాడుతున్న సగం కుట్టిన చొక్కాలు తోటి అభ్యర్థులు. ఎదురుగా, కోట్లు తొడిగి చూసే తల లేని చెక్కబొమ్మ చీఫ్ సూపరింటెండెంటు. మామయ్య కిర్రుచెప్పులు వేసుకుని, ఆ పిల్ల సరిగ్గా కష్టమైన ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడే వెనక నిలబడి దగ్గేవాడు.

"అబ్బా, మామయ్యా."

"అభ్యర్థులు మాట్లాడరాదు. ఆ నీలం చొక్కా చూడు, ఎంత బుద్ధిగా రాస్తోందో."

ప్రశ్నలు ఆయనే చదివేవాడు. "కణంలో శక్తిని తయారుచేసేది ఏది? ఎ, మైట్రో కండువా..."

"మైటోకాండ్రియా, మామయ్యా."

"కండువా అయితే రెండు నిమిషాల్లో కుట్టేస్తా. దానికి కాండ్రించి ఉమ్మడం ఎందుకు?"

ఆ పిల్ల నవ్వి నవ్వి కుర్చీలోంచి జారేది. నవ్వుతున్న చేతులు వణకవని మామయ్య ఎవరికీ చెప్పలేదు. నిరుటి వరసల గొడవ మాత్రం ఆయన బుర్రలో ముల్లులా ఉండిపోయింది. ఒకరోజు చొక్కా గుండీలన్నీ ఒక కాజా పక్కకి పెట్టుకుని, ఒక వైపు అంచు పైకి, ఒక వైపు అంచు కిందికి వేలాడుతుండగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇదే కదే నువ్వు చేసింది?"

గుండుసూది తేరిపార చూసింది. "ఇదే."

"ఇంతేనా. నేను ఇంకేదో బ్రహ్మాండం బద్దలయిందనుకున్నాను" అని విప్పి సరిగ్గా పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి జవాబు దగ్గరా గుండీ ఏది, కాజా ఏది అని చూసుకోవడం ఆ పిల్లకి అలవాటైంది.

పరీక్ష రోజు వేసుకునే బట్టలకీ నిబంధనలున్నాయి. పొట్టి చేతులుండాలి, పెద్ద గుండీలుండకూడదు, లోహం ఏదీ ఉండకూడదు. మామయ్య తనే కుట్టాడు. గేటు దగ్గర తనిఖీకి కూడా ట్రయల్ వేశాడు. చెక్కస్కేలు పట్టుకుని ఆ పిల్ల చుట్టూ తిప్పుతూ, మనసులో ఎక్కడ అనిపిస్తే అక్కడ "కుయ్" అనేవాడు. అన్నప్పుడల్లా చేతులు చాపి నిలబడాలి.

"ఇప్పుడెందుకు కుయ్యంది? నా దగ్గర ఏమీ లేదు కదా."

"యంత్రానికి కారణాలుండవు. నిలబడు."

అసలు రోజు గేటు దగ్గర పిల్లలు పుస్తకాల్లో తలలు దూర్చి, తల్లులు పిల్లల వీపులు నిమురుతూ ఉన్నారు, ఎవరి మొహంలోనూ రక్తం లేదు. గుండుసూది వెనక్కి తిరిగి చూసింది. జనం మధ్యలో మామయ్య, గుండీలన్నీ తప్పు కాజాల్లో పెట్టుకుని, హుందాగా నిలబడి ఉన్నాడు. పక్కనున్న పెద్దాయన "మీ గుండీలండీ" అని చెబుతున్నాడు. "తెలుసండీ" అంటున్నాడు మామయ్య.

తనిఖీ చేసే ఆవిడ యంత్రం తిప్పింది. అంచు దగ్గర నిజంగానే కుయ్యంది.

ఆవిడ వంగి, అంచు మడతలోంచి ఒక గుండుసూది బయటికి లాగింది. లోకంలో ఉన్న ప్రతి పనికీ ట్రయల్ వేసిన మనిషి, తను కుట్టిన గౌనులో మర్చిపోయిన సూది అది.

"ఏంటమ్మా ఇది?"

"మా మామయ్యండి" అంది గుండుసూది, అడక్కముందే చేతులు చాపి.

నిరుడైతే అక్కడే కూలిపోయేది. ఈసారి నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. హాల్లో ఇన్విజిలేటరు కిర్రుకిర్రుమంటూ వెనక నిలబడి దగ్గాడు. మామయ్య ఇంతకంటే బాగా దగ్గుతాడు అనుకుని తర్వాతి వరస దిద్దుకుంది.

ఫలితాలు వచ్చిన రోజు మబ్బుగా ఉంది. ఇద్దరూ తల్లి ఫోనులో చూశారు. మళ్ళీ చూశారు. తల్లి వీధి గుమ్మంలోకి పరిగెత్తి, తలుపు పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషమే, కానీ వీధికి ఏం తెలుసు? ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నెట్ సెంటర్ ఆయన బయటికి వచ్చాడు.

గుండుసూది తల్లిని దాటుకుని, ఏడాది తర్వాత వీధి గుమ్మం దిగింది. మామయ్య కొట్టు వీధి చివర. మధ్యలో వీధంతా ఉంది.

నెట్ సెంటర్ ఆయన ఎదురొచ్చి గొంతు సవరించుకున్నాడు. "పాపా, మంచి టైముకొచ్చావ్. ప్రింటర్ మొరాయిస్తోంది. కాస్త కాగితం పట్టుకుంటావా." ఆయన వెనక ప్రింటర్ గడగడా పేజీలు కక్కుతోంది.

"తర్వాత వస్తానండీ" అని అర్థంకాక ముందుకు నడిచింది.

ఎదురింటి పిన్ని అప్పటికే వీధి మధ్యలో నిటారుగా నిలబడి ఉంది, పద్యం ఒప్పజెప్పే పిల్లలాగా. ఆకాశంకేసి చూసి మొదలుపెట్టింది. "ఎండగా ఉంది. లోపలికి రా. ఇద్దరం టీ తాగుదాం. నాకు ఒక్కదానికీ తోచడం లేదు."

సన్నగా తుంపర పడుతోంది.

"పిన్నీ, వాన పడుతోంది."

"నాకు కళ్ళు లేవా? మీ మామయ్య ఎండనే నేర్పాడు మరి. ఫలితాల రోజు వాన పడితే ఏమనాలో చెప్పలేదు."

గుండుసూది ఆగిపోయింది. "మామయ్య నేర్పాడా?"

"నేర్పడమా, ప్రాణం తీశాడు. పోయిందని తెలిసినా మార్కుల ఊసెత్తకూడదట. అయ్యో అనకూడదట. టీకి పిలవాలట. మూడు ట్రయల్స్‌లో నేను మార్కులే అడిగాను. నా కొత్త జాకెట్టు కుట్టేసి పెట్టుకుని కూడా ఇవ్వడం లేదు, ఈ ముక్క సరిగ్గా చెప్పేదాకా ఇవ్వనన్నాడు."

"ఒక్క నీకేనా?"

"అందరికీనే. పాలాయనకి మాటలు కూడా లేవు. నిన్ను చూసి మామూలుగా సైకిలు బెల్లు కొట్టి పోవాలి, అంతే. అతనికి అదీ రాలేదు, జాలిగా కొడుతున్నావని మీ మామయ్య మళ్ళీ మళ్ళీ కొట్టించాడు."

గుండుసూది మొహం మీది తుంపర తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది. "పిన్నీ, నాకు సీటొచ్చింది."

పిన్ని నోరు తెరిచింది, మూసింది. "దానికి ఏమనాలో నేర్పలేదే" అని, ఇంక ఏం తోచక, ఆ పిల్లని గట్టిగా కావలించుకుంది. ఒక్క క్షణం ఆగి, చెవిలో అడిగింది. ఆవిడ చెవిలో అడిగినా నాలుగిళ్ళకీ వినపడింది. "ఇప్పుడడగొచ్చుగా, ఎన్ని మార్కులే?"

కొట్లో ఎవరూ లేరు. మిషను మీద సగం కుట్టిన పంట్లాం. మూల ట్రయల్ గదికి పరదా వేసి ఉంది. పరదా కింద రెండు కిర్రుచెప్పులు.

"లోపల ఎవరు?"

"కస్టమరు" అంది మామయ్య గొంతు.

"మామయ్యా, పోతే ఏమనాలో వీధి వీధంతా నేర్పావు. నెగ్గుతానని నీకు నమ్మకం లేదా?"

"నమ్మకానికీ దీనికీ ఏంటే సంబంధం. కుదిరిన చొక్కాకి ఎవరైనా బాగుందనే అంటారు, ఎవడూ నేర్పక్కర్లేదు. బిగుతైతేనే కదా ఇబ్బంది. అందుకే లోపల కాస్త గుడ్డ వదిలి కుడతాం. అవసరం లేకపోతే అది ఉన్నట్టు కూడా తెలీదు." పరదా కొంచెం కదిలింది. "మీ అమ్మ ఏడుపు ఇక్కడిదాకా వినపడింది. టీ తాగుతావా?"

గుండుసూది పరదా పక్కకి లాగింది. మామయ్య చేతిలో రెండు టీ గ్లాసులు పట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"సీటొచ్చింది, మామయ్యా."

మామయ్య గ్లాసులు కింద పెట్టాడు. గబగబా జేబులోంచి నాలుగు గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"మ్మ్" అన్నాడు. కళ్ళజోడు మసకబారింది.

"సూదులు తియ్యి. ఏదో ఒకటి అను."

ఒక్కొక్కటీ తీసి అంగీకి గుచ్చుకున్నాడు. "నువ్వొకసారి బయటికెళ్ళి మళ్ళీ రావే. దీనికి నేను ట్రయల్ వెయ్యలేదు."

గుండుసూది బయటికి వెళ్ళి, గుమ్మం ఎక్కి, మళ్ళీ వచ్చింది. "మామయ్యా, సీటొచ్చింది."

మామయ్య మొహం సవరించుకున్నాడు, నిటారుగా నిలబడ్డాడు, నోరు తెరిచాడు.

"ఇంకొక్కసారి" అన్నాడు.

గుండుసూది నవ్వుతూ మళ్ళీ గుమ్మం దిగింది. వీధిలో పాలాయన సైకిలు మీద పోతూ, ఎంతో మామూలుగా, బెల్లు కొట్టాడు.